మొటిమల చర్మానికి రోజూ ఏం వాడాలి, ఎంత ఖర్చులో వాడాలి?

పాఠకుల ప్రశ్నలకు చర్మవైద్యురాలి సమాధానాలు

ఈసారి హనుమకొండ, జగిత్యాల, నర్సంపేట, మందమర్రి, కాజీపేట, పరకాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మొటిమల గురించే ఉన్నాయి. రాసినవారి వయసులు, పనులు వేరైనా అందరి బాధా దాదాపు ఒకటే: డబ్బు ఖర్చవుతున్నది, ముఖం మాత్రం బాగుపడడం లేదు. మొదటి ఉత్తరానికి విస్తారంగా సమాధానం రాస్తున్నాను కనుక, తక్కినవారు కూడా ముందు దానిని చదివి, ఆ తరువాత తమ ప్రశ్న దగ్గరకు రావాలని కోరుతున్నాను.

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నుదుటి మీద, బుగ్గల మీద మొటిమలు వస్తున్నాయి. ముఖం ఎప్పుడూ జిడ్డుగా ఉంటుంది. ఫోనులో వీడియోలు చూసి టోనర్, సీరమ్, స్క్రబ్, మాస్క్ అంటూ ఏడెనిమిది రకాలు కొన్నాను. ఇప్పుడు నీళ్ళు తగిలినా ముఖం మండుతున్నది, మొటిమలు ఇంకా పెరిగాయి. నెలకు నాలుగు వందలకు మించి ఖర్చు పెట్టలేను. ఏమేం వాడాలో, ఏ వరుసలో వాడాలో చెప్పగలరు.
– ఒక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందుగా ఆ ఏడెనిమిది సీసాలను రెండు వారాల పాటు పక్కన పెట్టండి. నీళ్ళు తగిలినా మండుతున్నదంటే చర్మపు పైపొర దెబ్బతిన్నదని అర్థం. ఆ స్థితిలో ఎంత మంచి మందు పూసినా చర్మం ఓర్చుకోలేదు. ఈ రెండు వారాలూ మృదువైన సబ్బుతో ముఖం కడుక్కోవడం, వాసన కలపని మాయిశ్చరైజర్ రాసుకోవడం, ఈ రెండు పనులే చేయండి. మంట పూర్తిగా తగ్గిన తరువాతే మందు మొదలుపెట్టండి.

ఏది కొనాలో తెలియాలంటే మొటిమ ఎలా పుడుతుందో కొంచెం తెలిసి ఉండాలి. ముఖం మీది ప్రతి వెంట్రుక కుదురును ఆనుకుని జిడ్డును తయారుచేసే గ్రంథి ఒకటి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావం వల్ల ఆ గ్రంథి పెద్దదై ఎక్కువ జిడ్డును విడుదల చేస్తుంది. అదే సమయంలో కుదురు లోపలి మృతకణాలు ఊడి బయటికి రాకుండా ఒకదానికొకటి అతుక్కుని ద్వారాన్ని మూసేస్తాయి. లోపల చిక్కుకున్న జిడ్డులో, మన చర్మం మీద సహజంగానే ఉండే క్యూటిబాక్టీరియమ్ ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దానికి శరీరం స్పందించడం వల్ల ఎరుపు, వాపు, చీము వస్తాయి. ద్వారం తెరుచుకుని ఉన్నప్పుడు కనిపించే నల్లటి చుక్క మురికి కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్లనే అది నల్లబడుతుంది. కనుక ఎంత రుద్దినా అది పోదు, రుద్దినకొద్దీ వాపు పెరుగుతుంది. స్క్రబ్ కోసం మీరు పెట్టిన ఖర్చు మీకు మేలు కన్నా కీడే ఎక్కువ చేసి ఉంటుంది.

మీకు కావలసినవి నాలుగే: ముఖం కడుక్కునేది, మొటిమల మందు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. టోనర్ అక్కర లేదు. ఫేస్‌మాస్క్ అక్కర లేదు. సీరమ్ గురించి తరువాత ఎప్పుడైనా ఆలోచించవచ్చు.

మామూలు ఒంటి సబ్బులో క్షారగుణం ఎక్కువ, దాని పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 9 నుంచి 10 వరకు ఉంటుంది. చర్మపు పైపొర పీహెచ్ సుమారు 5. బోరు నీళ్ళు గరుకుగా ఉండే చోట సబ్బు సరిగా నురగ పట్టదు, దాని తెట్టు చర్మం మీద మిగిలిపోయి పొడిబారుతుంది. అందువల్ల సిండెట్ బార్ అని మందుల దుకాణంలో దొరికే సబ్బు గాని, వాసన లేని మృదువైన ఫేస్‌వాష్ గాని ఎంచుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, అరనిమిషం పాటు వేలి కొసలతో రాసి చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే చాలు. చెమట బాగా పట్టినప్పుడు మధ్యాహ్నం వట్టి నీళ్ళతో కడుక్కోవచ్చు. జిడ్డుగా ఉన్నదని గంటకోసారి సబ్బు పెట్టవద్దు, తువ్వాలుతో రుద్దవద్దు, అద్ది తడి తీయండి.

మీ డబ్బులో మొదటి వాటా మందుకు తీసి పెట్టాలి. మీరు చెప్పిన స్థాయి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్‌తో మొదలుపెట్టమంటాను. ఇది సూక్ష్మజీవిని చంపుతుంది. ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నా దీనికి సూక్ష్మజీవి అలవాటు పడదు, యాంటీబయాటిక్ పూతలకు లేని మేలు ఇది. 10 శాతం తెచ్చుకుంటే త్వరగా తగ్గుతుందని అనుకోకండి. పనిలో పెద్ద తేడా ఉండదు, మంట మాత్రం బాగా ఎక్కువవుతుంది. మొదటి వారం రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పలుచగా రాసి, పది నిమిషాలకు కడిగేయండి. చర్మం ఓర్చుకుంటే రెండో వారం నుంచి రోజు విడిచి రోజు రాత్రంతా ఉంచండి, నెల తరువాత రోజూ రాయండి. కనిపించే మొటిమ నెత్తిన చుక్క పెట్టడం సరిపోదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా రాయాలి. ఎందుకంటే రేపు రాబోయే మొటిమ కంటికి కనిపించకుండా ఇప్పటికే లోపల తయారవుతూ ఉంటుంది. కంటి రెప్పలకు, ముక్కు మూలలకు, పెదవుల అంచులకు తగలనీయకండి. ఈ మందు బట్టల రంగును పోగొడుతుంది. దిండు గలీబు, తువ్వాలు తెల్లవి పెట్టుకోండి, చేతులు కడుక్కోకుండా చున్నీ ముట్టుకోకండి. ఎండాకాలంలో హాస్టల్ గది రేకుల కింద ఉన్నట్టయితే ట్యూబును కిటికీ దగ్గర పెట్టక, గదిలో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలన దాచండి.

నలుపు తెలుపు చుక్కలే ఎక్కువగా ఉండి ఎర్రటి మొటిమలు తక్కువగా ఉంటే అడపలీన్ 0.1 శాతం జెల్ ఇంకా బాగా పనిచేస్తుంది. కుదురు ద్వారాన్ని మూసుకుపోనీయకుండా చేసేది అదే. దానిని మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకుని, చీటీతోనే తీసుకోండి.

ఎంత రాయాలన్నది డబ్బు లెక్క కూడా కనుక శ్రద్ధగా చదవండి. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. ముఖమంతటికీ మందు అందులో సగం, అంటే బఠానీ గింజంత చాలు. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబు, రోజూ రాసినా, దాదాపు రెండు నెలలు వస్తుంది. రెండు వందల ట్యూబైనా మీకు నెలకు వందే పడుతుంది. మూడు వారాలకే ట్యూబు అయిపోతున్నదంటే మీరు అవసరానికి మించి రాస్తున్నారని, మంటకు కారణం అదేనని గుర్తించండి.

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది అడుగుతారు. మొటిమల పూత మందులలో చాలావరకు చర్మాన్ని పొడిబారుస్తాయి. పొడిబారితే మంట పుడుతుంది, మంట పుట్టినవారు మందు మానేస్తారు. మందును నిలకడగా వాడగలగడానికే మాయిశ్చరైజర్. జెల్ రూపంలో ఉన్నదో, డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్, అంటే కుదుళ్ళను మూయనిది, అని రాసి ఉన్నదో చూసి చిన్న డబ్బా కొనండి. కొబ్బరినూనె, కోకో బటర్ ఇందుకు పనికిరావు, అవి కుదుళ్ళను మూసేస్తాయి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే నుదుటికి దిగకుండా వెనక్కి రాసి, తలస్నానం చేసిన తరువాతే పడుకోండి. నుదుటి మీద వెంట్రుకల అంచు వెంబడి సన్నటి గుల్లలు వరుసగా వస్తున్నాయంటే తలనూనెనే మొదట అనుమానించాలి.

సన్‌స్క్రీన్ కొనమని ఎందుకు పట్టుబడతానంటే, మన చామనచాయ చర్మంలో మొటిమ మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది, ఎండ తగిలినకొద్దీ అది ముదురుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో దీనిని విలాసం అనుకోవడానికి లేదు. ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి కాపాడే శక్తికి కొలత, 30 ఉన్న జెల్ రకం చాలు, 50 కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర లేదు. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది.  మీ నాలుగు వందలలో పెద్ద వాటా దీనికే పోతుంది. ఏదైనా నెలలో డబ్బు సరిపోకపోతే సన్‌స్క్రీన్ ఆపి గొడుగు, తలమీదుగా ముఖం పక్కలకు దిగే పలుచటి నూలు చున్నీ వాడండి, మందును మాత్రం ఆపకండి.

ఉదయం ముఖం కడిగి మాయిశ్చరైజర్, బయటికి వెళ్ళే ముందు సన్‌స్క్రీన్. రాత్రి ముఖం కడిగి ఆరబెట్టి మందు, పావుగంట తరువాత మాయిశ్చరైజర్. మంట ఎక్కువగా ఉన్న రోజున మాయిశ్చరైజర్ ముందు రాసి, దాని మీద మందు రాయవచ్చు. దినచర్య అంటే ఇంతే. ఫలితం చూడడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి మూడు నాలుగు వారాలలో ఏమీ తగ్గనట్టే ఉంటుంది, కొందరికి కొంచెం పెరిగినట్టు కూడా ఉంటుంది. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది సరిగ్గా ఆ వారాలలోనే మందు మార్చేసి ఉంటారు. వారానికోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ముఖాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. అద్దంలో కనిపించని మార్పు ఆ ఫొటోలలో తెలుస్తుంది.

తిండి గురించి ఒక మాట. కారం వల్ల, నూనె పదార్థాల వల్ల మొటిమలు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి, అతి తీపి వంటి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే పదార్థాలు తగ్గిస్తే కొందరికి మేలు కలుగుతుంది. కొందరికి పాల వల్ల, జిమ్‌లో వాడే వే ప్రోటీన్ పొడి వల్ల పెరుగుతాయి. హాస్టల్ అన్నం మానేయవలసిన పని లేదు.

ప్రశ్న: మా బిడ్డకు 23 ఏళ్ళు. ఫాల్గుణంలో పెళ్ళి. మొటిమలు, మచ్చలు ఉన్నాయని మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తెల్లబడింది, మొటిమలు కూడా తగ్గాయి. మూడు నెలలు వాడింది. ఇప్పుడు రెండు రోజులు మానితే ముఖం ఎర్రబడి మండుతున్నది, బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు కూడా వస్తున్నాయి. మళ్ళీ రాస్తే తగ్గుతున్నది. రాయాలా, మానాలా?
– ఒక తల్లి, జగిత్యాల

సమాధానం: మీరు చెప్పిన గుర్తులన్నీ ముఖానికి స్టెరాయిడ్ క్రీము వాడినవారిలో కనిపించేవే. ఆ ట్యూబు తీసి మందుల పేర్లు ఒక్కసారి చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూసినొలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడే. తరచుగా దానితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటాయి. ఈ మిశ్రమాన్ని మంగు వంటి జబ్బుకు, డాక్టరు పర్యవేక్షణలో, కొద్ది వారాల పాటు మాత్రమే వాడాలి. మొటిమలకు వాడకూడదు, తెల్లబడడానికి అసలే వాడకూడదు.

స్టెరాయిడ్ రక్తనాళాలను కుదించి వాపును అణుస్తుంది కనుక మొదటి పది రోజులు ముఖం శుభ్రపడినట్టు కనిపిస్తుంది. ఆ తరువాత చర్మం పలుచబడుతుంది, సన్నటి ఎర్రటి నాళాలు పైకి తేలతాయి, వెంట్రుకలు పెరుగుతాయి, స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలు పుడతాయి. మానగానే అణిగి ఉన్న మంటంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది కనుక క్రీము లేకుండా బతకలేమన్న భయం కలుగుతుంది. ఈ స్థితి మన దేశంలో ఎంత ఎక్కువగా ఉన్నదంటే, స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అని దీనికి మన దేశపు చర్మవైద్యులు ప్రత్యేకంగా పేరు పెట్టవలసి వచ్చింది. స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు బిగించింది. అయినా దుకాణంలో నోటిమాటగా అడిగితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఈ విషయం రాస్తుంటే నాకు కోపమూ, దుఃఖమూ రెండూ కలుగుతాయి, ఎందుకంటే ఇలా వచ్చేవారిలో ఎక్కువమంది పెళ్ళీడు ఆడపిల్లలే, వారిని తెల్లబడాలని తొందరపెట్టినవారు ఇంట్లోనివారే.

మీ అమ్మాయి ఆ క్రీమును మళ్ళీ మొదలుపెట్టకూడదు. అలాగని ఇంట్లోనే మంటను ఓర్చుకుంటూ కూర్చోనక్కర లేదు. ఈ వారంలోనే చర్మవైద్యునికి చూపించండి. కొందరికి తక్కువ శక్తి గల మందుకు మార్చి మెల్లగా మాన్పిస్తారు, కొందరికి మంట తగ్గడానికి నోటి మందు ఇస్తారు. అప్పటి దాకా వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, మొదటి ఉత్తరంలో చెప్పిన మృదువైన సబ్బు తప్ప ఏదీ పెట్టవద్దు. బ్లీచ్, ఫేషియల్ పెళ్ళికి ముందు చేయించాలని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. కోలుకోవడానికి నెలలు పడుతుంది, అది ముహూర్తానికి సరిపోకపోవచ్చు. ఈ సంగతి అమ్మాయితో మీరే నెమ్మదిగా చెప్పి, ఆమె తప్పు ఏమీ లేదని కూడా చెప్పండి.

మందు ట్యూబు కొనేటప్పుడు డబ్బా ఎడమ అంచున నిలువుగా ఎరుపు గీత ఉన్నదేమో అందరూ చూసుకోవాలి. ఆ గీత ఉంటే అది డాక్టరు చీటీతోనే వాడవలసిన మందు. తయారీదారు పేరు, మందుల వివరాలు, గడువు తేదీ లేని చిన్న డబ్బాలలో అమ్మే ఫెయిర్‌నెస్ క్రీములను ఎవరు ఉచితంగా ఇచ్చినా ముట్టుకోవద్దు. అటువంటి వాటిలో పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: నిమ్మరసం, టూత్‌పేస్ట్, సున్నిపిండి, ముల్తానీ మట్టి, పసుపు వీటిలో మొటిమలకు ఏవి మంచివి? ఖర్చు లేకుండా తగ్గించుకోవాలని అడుగుతున్నాను.
– ఒక గృహిణి, నర్సంపేట

సమాధానం: నిమ్మరసం, టూత్‌పేస్ట్ రెండూ వద్దు. నిమ్మరసం ఘాటైన ఆమ్లం, అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టై నల్లటి చారలు పడతాయి. టూత్‌పేస్ట్ మొటిమను ఎండబెట్టినట్టు కనిపించినా చుట్టూ ఉన్న చర్మాన్ని కాలుస్తుంది. సున్నిపిండి ఒంటికి మంచిదే. కాని చీముపట్టిన మొటిమల మీద ఆ గరుకు పిండితో రుద్దితే అవి చితికి మచ్చలవుతాయి. ముల్తానీ మట్టి కొద్దిసేపు జిడ్డును పీలుస్తుంది. ఇష్టమైతే వారానికోసారి, పగుళ్ళు పట్టేంతగా ఎండనీయకుండా కడిగేయండి, దానితో కొత్త మొటిమలు రావడం మాత్రం ఆగదు. పసుపు కొందరికి పడదు, దురద వచ్చి నల్లబడుతుంది. పండుగ నాడు రాసుకునే పసుపుకు నేను అభ్యంతరం చెప్పను, దానిని మందుగా భావించి రోజూ పట్టించవద్దనే చెబుతున్నాను. ఖర్చే లేకుండా చేయగలిగిన మంచి పనులు రెండున్నాయి: మొటిమలను గిల్లకుండా ఉండడం, దిండు గలీబును వారానికి రెండుసార్లు ఉతకడం.

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. బొగ్గు గనిలో పని చేస్తాను. హెల్మెట్ పట్టీ తగిలే చోట, గడ్డం కింద, నుదుటి మీద, వీపు మీద గుల్లలు వస్తున్నాయి. వీపు మీదివి దురద పెడతాయి. ఒక యాంటీబయాటిక్ మాత్ర రెండు నెలలు వాడితే తగ్గకపోగా పెరిగాయి.
– ఒక కార్మికుడు, మందమర్రి

సమాధానం: మీకు రెండు వేర్వేరు సమస్యలు ఉన్నట్టు తోస్తున్నది. పట్టీ ఒరుసుకునే చోట చెమట, ధూళి, రాపిడి మూడూ కలిసి మొటిమలను రేపుతాయి. పట్టీని షిఫ్టు అయిన ప్రతిసారీ తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. చర్మానికీ పట్టీకీ మధ్య ఉతికిన నూలు గుడ్డ ఉండేలా చూసుకోండి. అయితే హెల్మెట్ బిగింపు వదులు కాకూడదు, ప్రాణరక్షణ ముందు. గని నుంచి పైకి వచ్చిన వెంటనే స్నానం చేయండి. బొగ్గు ధూళి పోవాలని పీచుతో గట్టిగా తోమవద్దు, సబ్బును రెండుసార్లు రాసి కడగండి. ముఖానికి సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ మీకు నప్పుతుంది, అది జిడ్డులో కరిగి కుదురు లోపలికి వెళుతుంది. గడ్డం గీసుకునేటప్పుడు వెంట్రుకలు పెరిగే దిశలోనే గీయండి, మొద్దుబారిన బ్లేడు వాడవద్దు.

వీపు మీది గుల్లలు అన్నీ ఒకే పరిమాణంలో ఉండి, దురద పెడుతూ, యాంటీబయాటిక్‌తో పెరిగాయంటే అవి మొటిమలు కాకపోవచ్చు. చర్మం మీద ఉండే మలసీజియా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రం వల్ల కుదుళ్ళు వాచినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. చెమట ఎక్కువ పట్టేవారిలో ఇది సాధారణం. దీనికి శిలీంధ్రాన్ని చంపే మందు కావాలి, మొటిమల మందుతో పోదు. ఆ మాత్రను ఆపి, డాక్టరుకు వీపు చూపించండి. మొటిమలకే వాడినా యాంటీబయాటిక్ మాత్రలను మూడు నాలుగు నెలలకు మించి కొనసాగించకూడదు, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పూత తోడు లేకుండా వాడకూడదు. లేకపోతే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగడం మానేస్తుంది.

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాము. నెలసరి రెండు నెలలకోసారి వస్తుంది. దవడల వెంబడి గట్టి మొటిమలు వస్తున్నాయి. రాత్రిపూట అడపలీన్ వాడుతున్నాను. కొనసాగించవచ్చా?
– కాజీపేట నుంచి ఒక సోదరి

సమాధానం: గర్భం కోసం ప్రయత్నిస్తున్నారు కనుక అడపలీన్‌ను ఇప్పుడే ఆపండి. ట్రెటినాయిన్ పూత కూడా వద్దు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర అయితే ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, అది కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తుంది. వాటి బదులు అజలాయిక్ ఆమ్లం పూత గర్భవతులకు సురక్షితమైనది, మొటిమలతో పాటు నల్లమచ్చలను కూడా తగ్గిస్తుంది. మొదటి రోజులలో కొంచెం చిమచిమలాడుతుంది, అందుకు భయపడవద్దు. ఇకపోతే మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించినది నెలసరి సంగతి. నెలసరి తప్పడం, దవడల మీద మొటిమలు, వీటితో పాటు గడ్డం మీద వెంట్రుకలు గాని, బరువు పెరగడం గాని ఉంటే అండాశయాలలో నీటితిత్తుల సమస్య, అంటే పీసీఓఎస్, ఉన్నదేమో పరీక్షించాలి. స్త్రీవైద్య నిపుణురాలిని కలవండి, గర్భం విషయంలో కూడా అది మీకు ఉపకరిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్ళు. బుగ్గల మీద, వీపు మీద గోలీలంత గట్టి గడ్డలు వస్తున్నాయి, మానిన చోట గుంటలు పడుతున్నాయి. కాలేజీకి వెళ్ళనంటున్నాడు. వయసు దాటితే అవే పోతాయని మా పెద్దలు అంటున్నారు. ప్రైవేటులో చూపించే స్తోమత లేదు.
– ఒక తండ్రి, పరకాల

సమాధానం: అయ్యా, దయచేసి వయసు దాటేదాకా ఆగవద్దు. మొటిమలు పోవచ్చు గాని గుంటలు పోవు. పడిన గుంటలను పూడ్చడానికి తరువాత అయ్యే ఖర్చు, ఇప్పుడు వైద్యానికి అయ్యేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇలాంటి గడ్డలకు పైపూతలు సరిపోవు. ఐసోట్రెటినాయిన్ మాత్రలు కొన్ని నెలలు వాడవలసి రావచ్చు. పెదవులు ఎండిపోవడం దానితో దాదాపు అందరికీ ఉంటుంది, కాలేయం, కొవ్వు పరీక్షలు మధ్యమధ్య చేయించాలి. అందుకే డాక్టరు చేతుల మీదుగా తప్ప వాడకూడదు.

డబ్బు గురించి దిగులు పెట్టుకోకండి. కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన వరంగల్ ఎంజీఎం దవాఖానలో చర్మవ్యాధుల విభాగం ఉన్నది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని చర్మవ్యాధుల విభాగమని చెప్పండి. అబ్బాయి ఇప్పటి దాకా వాడిన క్రీములు, మాత్రలు, నాటు మందులు, ఖాళీ ట్యూబులతో సహా ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళండి, ఏవి వాడితే ఏమైందో డాక్టరుకు తెలిస్తే మందు రాయడం తేలికవుతుంది. కాలేజీకి వెళ్ళనంటున్నాడన్న మాట కూడా డాక్టరుతో తప్పక చెప్పండి. నిద్ర, తిండి తగ్గినా, గది దాటి రాకపోయినా అది కూడా చెప్పండి. ఐసోట్రెటినాయిన్ మాత్ర మొదలుపెట్టే ముందు మనసు పరిస్థితి కూడా తెలిసి ఉండాలి, వైద్యం సాగినంత కాలం మీరు దానిని గమనిస్తూ ఉండాలి.